ఒక సమాధిశాసనము – విశ్వాసవిచారము

శాసన మను పదమునకు మన భాషలో రెండర్థములు కలవు. ప్రభువు చేసిన యాజ్ఞ యొకటి. ఒక విషయమును చిరకాలము నిలుపుటకై శిలపై చెక్కిన వ్రాత రెండవది. సాధారణముగ రెండవది మొదటిదానికి సాక్షిగ నిలుచును. మొదటిదానికి ప్రత్యుత్తరముగ వెలసిన శిలాశాసనములు అరుదు. అట్టి దొకటి అమెరికా రాజధానియైన వాషింగ్టనులో కాంగ్రెషనల్ శ్మశానవాటికయందు కలదు. స్వలింగప్రేమికులు సైన్యమున నుండుటను మతవిశ్వాసము అంగీకరింపగలదా యను ప్రశ్నను గూర్చి ఆ దేశమున పెక్కు వాదములు జరిగినవి. ఆ ప్రశ్నను కొలది పంక్తులలో ఇమిడ్చిన రచనగ ఈ సమాధిశాసనమును మేము భావించుచున్నాము. దానిని విమర్శదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

శాసనకర్త పేరు లియొనార్డ్ మాట్లోవిచ్. ఆయన 1943లో జార్జియా రాష్ట్రమునందలి సవానాలో జన్మించెను. కాథలిక్ సంప్రదాయమున పెరిగి, 1963లో వైమానికదళమున చేరి, వియత్నాం యుద్ధమున మూడు పర్యాయములు పనిచేసెను. కావలి విధిలో ఇద్దరు శత్రుసైనికులను చంపినందుకు కాంస్యతార పతకమును, మందుపాతర ప్రేలి గాయపడినందుకు పర్పుల్ హార్ట్ పతకమును పొందెను. తరువాత మార్మన్ మతశాఖలో చేరెను. వైమానికదళముననే జాతిసామరస్యమును బోధించు ఉపాధ్యాయుడుగ కొంతకాలము పనిచేసెను. 1975 మార్చిలో తాను స్వలింగప్రేమికుడనని తెలుపుచు నొక లేఖను పై యధికారికి అందించెను. నల్లజాతివాడైన ఆ యధికారి దీని యర్థమేమని అడుగగా, పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదని చెప్పిన 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పును పేర్కొని ఊరకుండెను. ఇక మీదట అట్లు ప్రవర్తింపనని వ్రాసి యిచ్చెదవా యని విచారణలో అడిగినప్పుడు నిరాకరించెను. ఆ సంవత్సరమే వైమానికదళ మాయనకు డిశ్చార్జి యిచ్చెను. ఆ సంవత్సరమే మార్మన్ చర్చియు ఆయనను బహిష్కరించెను. ఈ రెండవ విషయమును పాఠకులు గుర్తుంచుకొన గోరెదము. 1980లో న్యాయస్థానము ఆయనను తిరిగి కొలువులో చేర్చుకొనవలసినదని ఆదేశింపగా, వైమానికదళ మిచ్చిన పరిహారమునకు సమ్మతించి ఆయన ఆ వ్యాజ్యమును ముగించుకొనెను. 1988 జూన్ 22వ తేదీన ఎయిడ్స్ వ్యాధివలన మరణించెను.

శాసనమును ఆయనయే రచించుకొనెను. అది నల్లని గ్రానైటు ఫలకము. మృతుని పేరు దానిపై లేదు. స్వలింగప్రేమికుడైన ఒక వియత్నాం యోధుడని మాత్రమే కలదు. రెండు గులాబిరంగు త్రికోణములు చెక్కబడినవి. ఇవి నాజీల నిర్బంధశిబిరములలో స్వలింగప్రేమికులైన ఖైదీల వస్త్రములకు కుట్టిన గుర్తులు. ఇట్టిది మరల జరుగరాదనియు, జరిగినది మరువరాదనియు రెండు చిన్న వాక్యములు కలవు. ప్రధానవాక్య మొక్కటియే. తాను సైన్యములో నున్నప్పుడు ఇద్దరు పురుషులను చంపినందుకు పతకమును, ఒకనిని ప్రేమించినందుకు డిశ్చార్జిని ఇచ్చిరని దాని తాత్పర్యము.

ఈ వాక్యనిర్మాణము పరిశీలింపదగినది. పతకమునకును, డిశ్చార్జికిని ఇచ్చుట యను క్రియ యొక్కటియే. దీనిని మన యాలంకారికుల పరిభాషలో క్రియాదీపక మనవచ్చును. కారణమునకు తగని కార్యము పుట్టుట విషమాలంకారము. ఇచ్చట అది రెండుమారులు కలదు. చంపుటనుండి సత్కారము, ప్రేమనుండి బహిష్కారము పుట్టినవి. అయితే వాక్యముయొక్క ప్రాణము అలంకారములో లేదని మా యభిప్రాయము. మొదటి భాగమున చంపబడినవారు శత్రువులని చెప్పబడలేదు, పురుషులని చెప్పబడినారు. రెండవ భాగమున ఒకనిని అనుటయే కలదు. ఆ సంఖ్యకు విశేష్యము లేదు. దానిని మొదటి భాగమునుండియే తెచ్చుకొని అన్వయింపవలెను. అనగా ప్రేమింపబడినవానిని గుర్తించుటకు పాఠకుడు చంపబడినవారి యొద్దకు మరలిపోక తప్పదు. చంపబడినవారును, ప్రేమింపబడినవాడును ఒకే జాతి మానవులని వ్యాకరణమే చెప్పుచున్నది. శత్రువుకూడ దేవుని సృష్టియే యని బోధించు మతము ఈ పదమును కాదనజాలదు.

మన దేశపు వీరగల్లులతో పోల్చి చూచినచో ఈ శాసనపు విశేషము మరింత స్పష్టమగును. దక్కనులోని వీరగల్లులలో పెక్కింటియందు క్రింది యంతరమున యుద్ధము, దానిపై వీరుని అప్సరసలు కొనిపోవుట, అన్నిటికి మీద దేవసన్నిధి చిత్రింపబడును. అచ్చట మతము సైనికుని మరణమును అందుకొని పైకి తీసికొనిపోవుచున్నది. ఈ నల్లరాతియందు యుద్ధమున్నది; దేవసన్నిధి లేదు. స్వర్గచిహ్నము లేదు, శిబిరచిహ్నము కలదు.

స్నాతకోత్తర తరగతిలో మేము ఈ శాసనమును వ్యాఖ్యానించినప్పుడు, నిష్ఠాపరుడైన ఒక విద్యార్థి లేచి, దీనిని అంగీకరింపవలెనన్న మతము తన గ్రంథమును దిద్దుకొనవలెనా యని యడిగెను. ఆనాడు మేము తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. ప్రశ్న న్యాయమైనది. లేవీయకాండములోని పదునెనిమిదవ, ఇరువదవ అధ్యాయములను, రోమీయులకు వ్రాసిన పత్రికలోని మొదటి అధ్యాయమును నిషేధవాక్యములుగ స్వీకరించు విశ్వాసి కపటియనుట తగదు. కాని చంపరాదను ఆజ్ఞ కూడ ఆ గ్రంథముననే, పది యాజ్ఞలలో నొకటిగ నున్నది. ఆ యాజ్ఞ యుండియు క్రైస్తవమతము సైనికుని వెలివేయలేదు. అయిదవ శతాబ్దమున సెయింట్ ఆగస్టీన్, పదమూడవ శతాబ్దమున థామస్ అక్వినాస్ ధర్మయుద్ధవిచారమును పెంపొందించిరి. అధికారము, కారణము, ఉద్దేశము అనువానిని విమర్శించి, యుద్ధమున సైనికుని స్థానమును నిరూపించిరి. అమెరికా సైన్యమున 1775 నుండియే మతగురువులు కలరు. మొదటి భాగమందలి క్రియకు వ్యాఖ్యానము చేయుటకు మతమునకు శతాబ్దములు పట్టినవి, అది చేసినది. రెండవ భాగమందలి క్రియను గూర్చి వ్యాఖ్యానమునకే తావులేదని కొందరు పలుకుచున్నారు. శాసనము వేలెత్తి చూపునది ఈ వ్యత్యాసమునే.

దీనికొక ఆక్షేపణ కలదు. పతకము చంపినందుకు కాదు, తోడివారిని కాపాడిన ధైర్యమునకనియు, ధర్మయుద్ధవిచారము చంపుటను పొగడలేదు, దానికి హద్దులు గీచినదనియు చెప్పవచ్చును. ఈ ఆక్షేపణలో సత్యమున్నది. శాసనవాక్యము క్లుప్తతకై కొంత న్యాయమును విడిచినది. అది దాని దోషమే. కాని ఆక్షేపకుడు తనకు తెలియకయే ఒక విషయ మంగీకరించుచున్నాడు. ఒక కార్యమును ఆజ్ఞ యొక్కదానితోనే గాక, సందర్భముతో, ఉద్దేశముతో, దానిలోని ధైర్యముతో తూచవలెనని ఆయన కోరుచున్నాడు. ఆ తూనికను రెండవ భాగమునకును పట్టుడని యడుగుట అపరాధము కానేరదు.

రాజశాసనముల చరిత్ర కూడ స్మరింపదగినది. 1981లో అమెరికా రక్షణశాఖ స్వలింగప్రవృత్తి సైనికసేవతో పొసగదని విధాన మేర్పరచెను. 1993లో వచ్చిన చట్టమును అడుగవలదు, చెప్పవలదు అను పేరుతో లోకము పిలిచెను. సైనికుడు తన ప్రేమను దాచినంతకాలము కొలువులో నుండవచ్చును, బయటపడినచో తొలగింపబడును. ఈ చట్టముక్రింద తొలగింపబడినవారు 13,000 మందికి పైగా కలరు. చట్టము సైనికుని పేరు నుంచుకొని ప్రేమను దాచుమనెను. అంతకు ముందే వెలసిన ఈ శిల పేరును దాచి ప్రేమను ప్రకటించినది. ఆ చట్టమును రద్దుచేయు శాసనముపై 2010 డిసెంబరు 22న అధ్యక్షుడు ఒబామా సంతకము చేసెను. 2011 సెప్టెంబరు 20న రద్దు అమలులోనికి వచ్చెను.

రద్దునకు ముందు సైనిక మతగురువులలో పలువురు తమ అంతరాత్మకు భంగము కలుగునని భయపడిరి. రక్షణశాఖ 2010 నవంబరులో ప్రకటించిన పరిశీలననివేదిక ఈ విషయమును విచారించి, ఏ మతగురువును తన విశ్వాసమునకు విరుద్ధమైన బోధగాని, కర్మగాని చేయనక్కరలేదనియు, సైనికులందరి క్షేమమును చూచు బాధ్యత మాత్రము ఎప్పటివలె నుండుననియు తేల్చెను. మా విద్యార్థి ప్రశ్నకు సమాధాన మిచ్చట దొరకుచున్నది. సైన్యమున అంగీకార మనగా దేవాలయమున ఆశీర్వాదము కాదు. గాయపడినవాని ప్రక్కన మోకరిల్లిన మతగురువు అతడెవరిని ప్రేమించెనని ముందుగ అడుగకుండుటయే దాని సారము. ఇందుకు గ్రంథమును దిద్దనక్కరలేదు. ఆ గ్రంథముననే యున్న కరుణను ఒకరికి చూపి మరియొకరికి దాచకున్న చాలును. అంతకు మించి, ఆ ప్రేమ పాపమా కాదా యను విచారము ఆయా మతములవారు తమలోతాము చేసికొనవలసినది, చేసికొనుచునే యున్నారు.

ఇక ముందు గుర్తుంచుకొన గోరిన విషయమునకు వత్తము. 1975లో మాట్లోవిచ్ పొందినవి రెండు బహిష్కారములు. శిల ఒక్కదానినే చెప్పుచున్నది. చర్చి చేసిన బహిష్కారమును గూర్చి ఒక్క యక్షరమైనను లేదు. ఇది మరపు కాజాలదు. రచయిత మనోగతమును ఊహించుట మా పని కాదు. రచనలోని మౌనమును గుర్తించుట మా పని. ఆయన సైన్యముపై ఫిర్యాదును రాతిలో చెక్కెను, మతముపై చెక్కలేదు. ఆ శిల నిలిచిన నేలకూడ గమనింపదగినది. కాంగ్రెషనల్ శ్మశానవాటిక పేరునుబట్టి ప్రభుత్వముదని తోచును; కాని 1812 నుండి అది ఎపిస్కోపల్ సంప్రదాయమునకు చెందిన క్రైస్ట్ చర్చి సొత్తు. ఒక చర్చి వెలివేసిన వానికి మరియొక చర్చి భూమిలో ఆరడుగులు దొరకినవి. రాతిపై లేని దేవసన్నిధి రాతి క్రింది నేలలో నున్నదని మేము చెప్పిన నది కేవలము చమత్కారము కాదు. విశ్వాసము అంగీకరింపగలదా యను ప్రశ్నకు ఆ నేల యిచ్చిన సమాధానము, చట్టము మారుటకు ఇరువదిరెండేండ్లు ముందరిది.