ముంజ చెదరని కత్తి

ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే, చౌటుప్పల్ దాటాక నేను కారు ఆపేది ముంజల కోసం. కొన్నాక కూడా కదలబుద్ధి కాదు. ఆ కత్తి పని చూస్తూ నిలబడిపోతాను.

చెట్టుకింద గెలల కుప్ప పక్కన ఒక పెద్దామె. ఎడమచేత కాయ, కుడిచేత కత్తి. తొడిమ వైపు ఒక్క వేటు వేస్తే మూడు కళ్లు తెరుచుకుంటాయి. అసలు నేర్పంతా ఆ వేటులోనే ఉంది. వెంట్రుకవాసి కిందికి దిగితే ముంజ చిట్లి నీళ్లు కారిపోతాయి, పైపైన తగిలితే ముంజ బయటికి రాదు. ఆమె చెయ్యి ఒక్కసారీ తప్పలేదు. లేతవే ఇమ్మంటే, "నీళ్ల ముంజలే బిడ్డా, చూస్కో" అంటూ తాటాకులో పెట్టి ఇచ్చింది. కాయ కొట్టకముందే లేతదో ముదురుదో చెప్పేస్తుంది!

ఈ పనికి ముందు ఇంకో పని ఉంది. మోకు, ముత్తాదు కట్టుకొని అంతెత్తు చెట్టెక్కి గెల కోసే గీత కార్మికుడిది. అతను మనకు కనిపించడు.

ఈసారి అటు వెళ్తే ఆగండి. కాయ మీ ముందే కొట్టించుకోండి, బేరమాడకండి.