కూరకు తగ్గ కల్లు

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఆదివారం కూరకు తోడు చలికాలంలో ఈత కల్లు, ఎండాకాలంలో తాటి కల్లు. ఖరీదైన వైన్‌కు ఇది ఏమాత్రం తీసిపోదు. గీత కార్మికుడు మోకు, ముస్తాదుతో చెట్టెక్కి, ఈతకైతే మొవ్వు కింద మొద్దును, తాటికైతే గెలను పలచగా గీసి లొట్టి కడతాడు. ఆ గీతలోనే ఉంది అసలు పనితనం. గాటు లోతైతే చెట్టు దెబ్బతింటుంది.

పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా, బ్యాక్టీరియా ఆమ్లాలుగా మార్చేకొద్దీ పులుపెక్కుతుంది. కూరకు కల్లు కుదర్చడంలో నేర్పంతా ఆ వేళను పట్టుకోవడమే. నాటుకోడి వేపుడు ఘాటుగా ఉంటే తీపి కల్లే సరిజోడు. ఆల్కహాల్ ఎక్కువైతే మిరప మంట పెరుగుతుంది, తీపి దాన్ని తగ్గిస్తుంది. కొవ్వు పట్టిన బోటికి మధ్యాహ్నపు పుల్ల కల్లు నాలుక మీది జిడ్డు వదిలిస్తుంది. శనగ గుడాలకు ఏదైనా సరే.