కబురూ పిలుపూ

శుభలేఖ మీద ముహూర్తం "బుధవారం రాత్రి 2.14 గంటలకు, తెల్లవారితే గురువారం" అని ఉంది. టెక్కలిలో మా పిన్ని మనవరాలి పెళ్లి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావ కొడుకు ఆ కార్డు చూసి, చుట్టాల్లో కుర్రకారుకంతటికీ ఈమెయిల్లో క్యాలెండర్ ఇన్విటేషన్ పంపించాడు: బుధవారం, 2.14 ఏఎం. దాంతో మంగళవారం రాత్రి ఒంటిగంట దాటాక నాలుగైదు ఊళ్లలో ఫోన్లన్నీ ఒక్కసారి గణగణలాడాయి. పెళ్లికూతురు అప్పటికింకా మంగళస్నానమైనా చెయ్యలేదు.

వాణ్ణి తప్పుపట్టడానికేం లేదు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, కంప్యూటరుకు అర్ధరాత్రితో. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికే శుభలేఖల వాళ్లు "తెల్లవారితే" అన్న మాటను పట్టుకున్నారు. 1998లో తొలిసారి ఖరారై, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545గా తిరగరాసుకున్న ఐక్యాలెండర్ అనే, ఇలాంటి ఇన్విటేషన్లకు ఆధారమైన ప్రమాణంలో సెకన్లకు చోటుంది, టైమ్‌జోన్లకు చోటుంది. "తెల్లవారితే"కి మాత్రం లేదు.

ఆ ఇన్విటేషన్ నాకు థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాములో వచ్చింది, విశాఖలో ఉన్న మా తమ్ముడికి ఔట్‌లుక్‌లో. ఉత్తరం ఒక్కటే, అందుకున్న తీరులే రెండు. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి అప్పుడే పుట్టింది. కొలవడానికి పట్టుకున్న గజంబద్ద మాత్రం మా వైపుది.

ఉద్దానం కొబ్బరితోటల ఊళ్లలోనైనా, ఇటు టెక్కలి, పలాసల్లోనైనా కబురు వేరు, పిలుపు వేరు. పెళ్లి ఫలానా రోజని సంతలోనో బస్సులోనో తెలిస్తే అది కబురు. ఇంటికొచ్చి, గడపలో నిలబడి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి, "ఇంటిల్లిపాదీ రావాల" అంటే అది పిలుపు. "కబురు తెలిసింది గానీ పిలవనేదు, ఎలగొస్తాం?" అని పుట్టింటి పెళ్లికే పోకుండా కూర్చున్న ఆడపడుచులు నాకు తెలుసు. ఈ తేడా మన చాదస్తమేమీ కాదు. ఐక్యాలెండర్‌కు తోడుగా వచ్చిన ఐటిప్ అనే ప్రమాణం కూడా ఈ రెంటినీ విడదీసే పెట్టింది. పబ్లిష్ అని పంపితే చాటింపు, ఎవరూ బదులివ్వక్కర్లేదు. రిక్వెస్ట్ అని పంపితే పిలుపు, బదులు రావాలి. ప్రమాణం రాసినవాళ్లకు తెలిసిన సంగతిని ప్రోగ్రాములు ఎంతవరకు గుర్తుపెట్టుకున్నాయన్నదే నా ప్రశ్న.

ఔట్‌లుక్ పిలుపును కబురుగా మార్చేస్తుంది. ఇన్విటేషన్ వచ్చీ రాగానే, మనం దాన్ని తెరవకముందే, క్యాలెండర్లో ఆ గంట మీద తాత్కాలికంగా గుర్తు పెట్టేస్తుంది. ఇక యాక్సెప్ట్ నొక్కామా, సెట్టింగులు మార్చుకోనివాళ్లకు ఆ ఉత్తరం ఇన్‌బాక్స్‌లోంచి లేచిపోయి డిలీటెడ్ ఐటమ్స్‌లో పడుతుంది. ఆఫీసు మీటింగులకు ఇది సుఖమే. రోజుకు పది మీటింగులున్నవాడు పది కాగితాలు దాచుకుని ఏం చేస్తాడు? కానీ శుభలేఖను వస్తాననగానే చింపి పారేసే ఇల్లు మా వైపు ఉండదు. పసుపు రాసిన ఆ కార్డు పెళ్లయ్యాక కూడా కిటికీ చువ్వల్లో ఏడాదిపాటు ఉంటుంది.

థండర్‌బర్డ్ మర్యాద వేరు. దీనికి క్యాలెండర్ పుట్టుకతో రాలేదు. లైట్నింగ్ అనే అనుబంధంగా వచ్చి, 2020 నాటి 78వ వెర్షన్‌కు గాని పూర్తిగా ఇంట్లో మనిషి కాలేదు. అందుకేనేమో అడగందే చొరవ చెయ్యదు. ఉత్తరం పైన ఒక పట్టీ కనబడుతుంది, ఇందులో ఇన్విటేషన్ ఉందని చెబుతుంది, వస్తానో రానో చూద్దామో నొక్కమంటుంది. మనం ఏదీ నొక్కకపోతే క్యాలెండర్లో ఏదీ పడదు. నొక్కాక కూడా ఉత్తరం ఉన్నచోటే ఉంటుంది. పిలుపును పిలుపుగా చూడటమంటే ఇదే అనిపించి నేను దీని పక్షం వహించబోయాను.

అంతలో దీని పట్టింపు ఒకటి బయటపడింది. థండర్‌బర్డ్‌లో ప్రతి క్యాలెండర్‌కూ ఒక ఈమెయిల్ అడ్రసు ముడివేసి ఉండాలి. పిలుపు ఏ అడ్రసుకు వచ్చిందో ఆ అడ్రసు దేనికీ ముడిపడి లేకపోతే, మనల్ని పిలిచారని దానికి తెలియదు. సరిగ్గా బదులివ్వనివ్వదు. ఎందుకివ్వదో అర్థమయ్యేలా చెప్పనూ చెప్పదు. కొత్తగా వాడేవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఇంటి పెద్ద పేరు మీద వచ్చిన పిలుపు ఇంట్లో అందరికీ చెల్లుతుందన్న ఇంగితం ఔట్‌లుక్‌కూ లేదు, దీనికీ లేదు. రెంటికీ పిలుపంటే అడ్రసుకే, ఇంటికి కాదు.

బదులు సంగతికొస్తే మనవాళ్ల పద్ధతే గడుసుది. గడపలో నిలబడి పిలిచినవాళ్లకు "రాం" అని చెప్పేవాళ్లుండరు. "అలగే, వొస్తాంలే" అంటారు. ఆ "లే"ని బట్టి పిలిచినవాళ్లు విస్తళ్ల లెక్క వేసుకుంటారు. ప్రోగ్రాముల్లో టెంటేటివ్ అన్న బొత్తాం ఈ "లే"కి దగ్గరిదే గాని, అది కూడా పిలిచినవారికి రాతపూర్వకంగా చేరిపోతుంది. బదులు పంపకుండానే క్యాలెండర్లో వేసుకునే వీలు ఔట్‌లుక్‌లో ఎప్పటినుంచో ఉంది, థండర్‌బర్డ్ ఇటీవలి వెర్షన్లలోనూ వచ్చింది. దాన్ని మాత్రం మెచ్చుకుంటాను. నాకు కుదరదు, మా అబ్బాయిని పంపిస్తానని చెప్పడానికి ప్రమాణంలో డెలిగేటెడ్ అన్న మాట ఉంది. ఇంటికొకరు వెళ్లి అక్షింతలు వేసి రావడం మనకు రోజూ ఉన్నదే. అయినా యాక్సెప్ట్, డిక్లైన్‌ల పక్కన ఆ మాటకు బొత్తాం రెండిట్లోనూ కనబడదు.

మన లిపితో ఇంకో చిక్కుంది. ఐక్యాలెండర్ ఫైల్లో వరుస 75 బైట్లు దాటితే మడత పెట్టాలన్నారు. ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటుతో సరిపోతుంది. తెలుగుకు 'క' ఒక్కటే మూడు బైట్లు, గుణింతమో ఒత్తో చేరితే ఆరూ తొమ్మిదీ. లెక్కతెలియని ప్రోగ్రాము అక్షరం మధ్యలో మడత పెట్టేయొచ్చని ఆ ప్రమాణమే ముందుగా హెచ్చరించింది. అలా మడత పడితే పెళ్లికూతురి పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు మొలుస్తాయి. థండర్‌బర్డైనా ఔట్‌లుకైనా విప్పి చదవగలవే గాని, పంపినవాడు పాడు చేసినదాన్ని బాగుచెయ్యలేవు.

పెళ్లి తేదీ మారినప్పుడు మాత్రం నా ఓటు ఔట్‌లుక్‌కే. మా బావ కొడుకు తప్పు దిద్ది మళ్లీ పంపాడు. ప్రతి ఇన్విటేషన్‌లోనూ సీక్వెన్స్ అని ఒక అంకె ఉంటుంది, వేళ మారినప్పుడల్లా అది పెరుగుతుంది. ఔట్‌లుక్ ఆ అంకె చూసి గడిని తనంత తానే జరిపేసింది. థండర్‌బర్డ్ మళ్లీ పట్టీ చూపించి నేను నొక్కే దాకా ఆగింది. నేనా ఉత్తరాన్ని పాతదే అనుకుని వదిలేశాను. మర్యాద ఎక్కువైతే వచ్చే నష్టం ఇదే. అయితే పెళ్లి ఆగిపోయినప్పుడు ఔట్‌లుక్‌కూ మొహమాటమే. క్యాన్సిల్ అని వచ్చినా, మనం తీసెయ్యమని నొక్కే దాకా ఆ గడి మీద "క్యాన్సిల్డ్" అని రాసిపెట్టుకుని అలాగే ఉంచుతుంది.

ఏదైనా ఉత్తరం చేరితేనే కదా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు కూలాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి వారంలో ఏ శుభకార్యమైనా వాయిదా పడిందంటే, ఆ మాట మోటారు సైకిలు మీద మనిషి మోసుకెళ్లాల్సిందే.

రెండు ప్రోగ్రాములకూ ఒకేలా చేతకాని పెళ్లి మా తీరంలోనే ఉంది. వజ్రపుకొత్తూరు మండలంలో నువ్వలరేవు అనే మత్స్యకారుల ఊరు. అక్కడ రెండు మూడేళ్లకోసారి, ఈడొచ్చిన జంటలన్నిటికీ ఒకే ముహూర్తానికి పెళ్లిళ్లు చేస్తారు. వధువూ ఆ ఊరే, వరుడూ ఆ ఊరే. ఒకరి పెళ్లికి మరొకరి పెళ్లి అడ్డం వచ్చే ప్రసక్తే లేదు, ఊరికంతా క్యాలెండర్ ఒక్కటే. ఇన్ని ఏర్పాట్లున్న ఐక్యాలెండర్‌లో ఆర్గనైజర్ అన్న గడి ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. పిలిచేవాడొకడు, వచ్చేవాళ్లు మిగతావాళ్లు. మామూలు శుభలేఖ మీదే రెండువైపుల పెద్దలూ ఉంటారు, దానికే ఆ గడి ఇరుకు. ఇక పిలిచేవాళ్లే వచ్చేవాళ్లయిన ఊళ్లో అందులో ఎవరి పేరు రాయాలి?

ఈ సంగతి మా బావ కొడుకును అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఊరి పేరు మీద ఒక ఈమెయిల్ అడ్రస్ తెరవాల్సిందే మావయ్యా" అన్నాడు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాలిరా అంటే నవ్వేసి ఫోను పెట్టేశాడు.