పక్షితీర్థం రాబందుల దినచర్య

తెలుగు యాత్రికులు పక్షితీర్థం అని పిలుచుకునే తిరుక్కళుకుండ్రం చెన్నైకి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉంది. అక్కడి వేదగిరీశ్వరుడి కొండ మీదికి రోజూ మిట్టమధ్యాహ్నం వేళకు రెండు తెల్ల రాబందులు వచ్చి వాలేవి. పూజారి బండ మీద కూర్చుని బియ్యం, నెయ్యి, చక్కెరతో చేసిన నైవేద్యం పెట్టేవాడు. అవి తిని ఎగిరిపోయేవి. ఏ రోజైనా రాకపోతే, చూడవచ్చినవాళ్లలో పాపాత్ములెవరో ఉన్నారని జనం చెప్పుకునేవారు. శివుడి శాపం వల్ల పక్షులైన ఎనిమిదిమంది ఋషుల్లో యుగానికిద్దరు చొప్పున విముక్తి పొందారనీ, ఈ ఇద్దరూ చివరివారనీ స్థలపురాణం.

ఈ పక్షులు డేగలూ కావు, గరుడపక్షులూ కావు. రాబందుల్లో చిన్న జాతి, బరువు రెండు కిలోల అటూఇటూ. పెద్ద పక్షి ఒళ్లంతా మాసిన తెలుపు, రెక్కల అంచుల్లో నలుపు, ముఖం పసుపు. ఆ పసుపు పేడ తినడం వల్ల వస్తుంది. పేడలోని కెరోటినాయిడ్లు చర్మానికి రంగునిస్తాయి. దేశింగురాజు కథతో తెలుగువారికి తెలిసిన సెంజి కోట ప్రాంతపు రాబందుగా, ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త సొన్నెరా 18వ శతాబ్దంలోనే దీన్ని వర్ణించాడు.

వేళ తప్పకుండా రావడంలో మహిమ కన్నా వాతావరణం పాత్ర ఎక్కువ. రాబందు రెక్కలాడించి దూరాలు పోదు. పొద్దెక్కి నేల కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. దాన్ని పట్టుకుని చుట్లు తిరుగుతూ పైకెక్కి, అక్కణ్ణుంచి జారుతూ మైళ్లు దాటుతుంది. రాళ్ల గుట్టలు బాగా కాగే వేళకే ఆ కొండ మీద తిండి సిద్ధంగా ఉండేది. రోజూ ఒకేచోట, ఒకే వేళకు దొరికే తిండిని పక్షి మరిచిపోదు. ఇప్పుడు పరిశోధకులు మందుల అవశేషాలు లేని కళేబరాలు వేసి నడిపే 'రాబందుల రెస్టారెంట్ల' సూత్రం కూడా ఇదే.

పక్షులు కాశీలో స్నానం చేసి, ఇక్కడ భోంచేసి, రాత్రికి రామేశ్వరం చేరతాయని ఒక కథ. కాశీ నుంచి పక్షితీర్థానికి సూటిగా కొలిచినా 1,400 కిలోమీటర్లకు పైనే. వలస వెళ్లే తెల్ల రాబందు బాగా ఎగిరిన రోజున దాటేది 500 కిలోమీటర్లు. శతాబ్దాలుగా వచ్చినవి ఒకే జంట అన్న నమ్మకమూ నిలవదు. పెంపకంలో కూడా ఈ జాతి ఆయుష్షు నలభై ఏళ్లలోపు. పాత జంట పోతే కొత్త జంట ఆ చోటుకి అలవాటు పడి ఉండాలి. నిజానికి కథ కన్నా ఇదే పెద్ద వింత.

ఆ కొండ మీద తెలిసేది రోజులో ఒక్క ఘడియ. మిగతా వేళల్లో పక్షి ఎక్కడుందో చెప్పాలంటే గుర్తు కావాలి. కాళ్లకు రంగు కడియాలు, రెక్కకు అంకె వేసిన పట్టీ, ఊడిన ఈకల ఖాళీల అమరిక పాత పద్ధతులు. ఇప్పటి పద్ధతిలో ప్రభుత్వ అనుమతితో పక్షిని పట్టి, బడిపిల్లల సంచిలా వీపున జీపీఎస్ పరికరం కడతారు. దాని బరువు పక్షి బరువులో మూడు శాతం మించకూడదన్నది సాధారణ నియమం. అంటే రెండు కిలోల పక్షికి 60 గ్రాములు. సౌరఫలకంతో నడిచే ఆ పరికరం, పక్షి ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నవి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. రాత్రి బస, గూడు, మేత తిరిగే మేర వీటితో తేలతాయి. అన్నిటికన్నా విలువైనది కదలిక ఆగిపోయిందన్న కబురు. వెంటనే వెళ్లి కళేబరాన్ని తెస్తే కాలేయం, మూత్రపిండాలు పరీక్షించి చావుకు కారణం చెప్పవచ్చు.

1998 తరువాత పక్షితీర్థానికి రాబందులు రాలేదని చెబుతారు. ఆ కాలంలోనే దేశమంతటా రాబందుల సంఖ్య కుప్పకూలింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు కళేబరం ద్వారా ఒంట్లో చేరి రాబందుల మూత్రపిండాలను చెడగొడుతోందని 2004లో తేలింది. తెల్ల రాబందు 2007 నుంచి ప్రపంచ అంతరించే జాతుల జాబితాలో ఉంది. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతుండటంతో 2015లో వాటినీ ఆపారు. ఆ ఉత్తర్వును మద్రాసు హైకోర్టు 2017లో సమర్థించింది. దానికి బదులుగా పశువులకు వాడదగిన మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. పాడి రైతులు వైద్యుణ్ణి ఆ మందే అడగాలి.