వీరాపురం చింతల కింద

చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే కాలంలో, కెమెరాలు పట్టుకొచ్చేవాళ్ల పనితనం చూడాల్సిందే. 400 ఎంఎం లెన్సు చాలా, 600 కావాలా అని మాట్లాడుకుంటున్నా కళ్లు మాత్రం కొమ్మల మీదే. ఎండ ముదిరితే నేల సెగకు దూరపు బొమ్మ అలలాడిపోతుంది. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని ఆపలేదు. అందుకే తొలి వెలుగే వాళ్ల పనివేళ. లెన్సు మార్చాలంటే గాలికి వీపు తిప్పి, కెమెరా నోరు నేలవైపు వంచి, దుమ్ము పడకుండా రెప్పపాటులో బిగిస్తారు. ముదురాకుల నడుమ తెల్లని ఒళ్లు వెలిసిపోకుండా ఎక్స్‌పోజరు కాస్త తగ్గిస్తారు. రెక్క విప్పే క్షణానికి షట్టరు 1/2000 సెకను. ఎంత ఓర్పు! తోక దగ్గరి లేత గులాబీ ఈకలు విడివిడిగా తేలతాయి. రోజూ తలెత్తి చూసే పక్షిని ఆ ఊరి అవ్వ కెమెరా తెరమీద కంటిరంగుతో సహా చూస్తుంది.