భయం ఎటునుంచి వస్తుంది?

తెలుగు దెయ్యాల సినిమాల్లో ఊరి బొమ్మ ఒకటే. నడుమ గుడి, దాని చుట్టూ పెద్దిళ్ళు, చివరన వల్లకాడు, పొలిమేర. భయం పొలిమేరలో పుట్టి ఊళ్ళోకి నడిచొస్తుంది. ఊరి చివర ఏముంటుందో మనకి తెలుసు. మన వాడ ఉంటుంది. మనం పుట్టిపెరిగిన దిక్కే వాళ్ళకి దెయ్యాల దిక్కయింది.

మా తాత డెల్టాలోని ఒక ఊరి వల్లకాట్లో గుంటలు తీసేవాడు. కూడు అక్కడే తినేవాడు. ఆయనకి అన్నం తీసుకెళ్ళే మా అమ్మ సమాధుల మధ్యే ఆడుకుంది. ఆమెకి వల్లకాడంటే భయం లేదు. పొద్దుగూకాక పెద్దిళ్ళ బజారు దాటాలంటేనే భయం. 2023లో విజయవాడలో ఆమెని 'విరూపాక్ష' సినిమాకి తీసుకెళ్ళాను. హాలంతా ఉలిక్కిపడిన చోట్ల ఆమె మెదలకుండా కూర్చుంది. ఊరు మూకగా మీదపడే చోట మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కార్తీక్ దండు తీసిన ఈ సినిమాలో ఊరి పేరు రుద్రవనం. క్షుద్రపూజలు చేస్తున్నారని 1979లో ఒక జంటని ఊరు చంపుతుంది. ఆ ఇల్లాలు శపిస్తుంది. పుష్కరకాలం గడిచాక, 1991లో, ఊళ్ళో చావులు మొదలవుతాయి. ఊరిని అష్టదిగ్బంధనం చేస్తారు. దర్శకుడికి భయపెట్టడం వచ్చు. మూకహత్యతో కథ మొదలెట్టడం చిన్న విషయమేం కాదు. కానీ ఆ తర్వాత కథ చంపిన ఊరి పక్షాన చేరుతుంది. చంపినోళ్ళు బాధితులు, చచ్చినోళ్ళు దెయ్యాలు! క్షుద్రశక్తి నిజమేనని కథే తేల్చేశాక మూక చేసిన పనికి సగం క్షమాపణ దొరికినట్టే గదా. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపే నేల మీద ఇది అమాయకమైన కల్పన కాదు.

1991 అంటే మనకి గుర్తొచ్చే ఊరు వేరే ఉంది. విజయవాడ నుంచి తెనాలి దాటి రైల్లో పోతే చుండూరు వస్తుంది. అక్కడ తగువు మొదలైందే సినిమా హాల్లో. ఒక దళిత విద్యార్థి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తర్వాత దళితుల్ని వెలివేశారు, పనులు ఆపేశారు. సినిమా దిగ్బంధనం ఊరిని కాపాడటానికి, చుండూరు దిగ్బంధనం వాడని లొంగదీయటానికి. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. అక్కడ భయం ఊళ్ళోంచి బయల్దేరి వాడ మీదికి వచ్చింది.

ఈ దిక్కుల తిరకాసు మన ఒక్కరిదే కాదు. 2009లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 5' వీడియో గేమ్ ఆడేవాడి చేతికి తుపాకీ ఇచ్చి, ఆఫ్రికా జనాన్ని రాక్షసమూకగా ఎదుట నిలబెట్టింది. దాని మీద విమర్శ గట్టిగానే వచ్చింది. 2017లో జోర్డన్ పీల్ 'గెట్ అవుట్' తీసి దిక్కు మార్చాడు. అందులో భయపడేది నల్లజాతి యువకుడు, భయపెట్టేది నవ్వుతూ పలకరించే తెల్లవాళ్ళ ఇల్లు. తెలుగు తెర మీద పెద్దిల్లు అలా ఎప్పుడు కనపడుతుంది?

దెయ్యాల కథలో చచ్చినోళ్ళు తిరిగొచ్చి పగ తీర్చుకుంటారు. చుండూరులో చచ్చినోళ్ళు తిరిగి రాలేదు. బతికినోళ్ళు కోర్టుకెళ్ళారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మన కథలో గుండె జారే ఘట్టం ఏ అర్ధరాత్రో రాలేదు, పట్టపగలు తీర్పు కాగితంలో వచ్చింది.

చుండూరు దళితులు తమ శవాల్ని పొలిమేరకి మోసుకుపోలేదు. ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊరు రోజూ దాని పక్కనుంచే నడవాలి. మన పిల్లల్లో కెమెరా పట్టేవాళ్ళు, గేములు తయారుచేసేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు కథ మొదలెట్టాల్సింది మర్రిచెట్టు కిందనుంచి కాదు, అక్కణ్ణుంచి.