శోభనాచలం పేరు, విదర్భ కథ: మీర్జాపురం రాజా చిత్రయాత్రపై ఒక పరిశీలన

మీర్జాపురం రాజా మేకా వెంకటరామయ్య అప్పారావు మన సినిమా చరిత్రలలో సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతారు. శోభనాచల స్టూడియో అధిపతి, 'కీలుగుర్రం' దర్శకుడు, నటి సి.కృష్ణవేణి భర్త. ఈ మూడు గుర్తింపులూ సరైనవే. కాని ఒక జమీందారు కెమెరా వెనుకకు ఎందుకు వచ్చాడు, తన నేలనుంచి ఏమి తెచ్చుకున్నాడు, ఏమి వదిలివేశాడు అనే ప్రశ్నలను ఇవి తాకవు. ఆ ప్రశ్నలకు ఆయన చిత్రాలలోనే సమాధానాలు వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

నూజివీడు సంస్థానం పందొమ్మిదో శతాబ్దిలో శాఖలుగా చీలింది. వాటిలో ఒకటి మీర్జాపురం. నేటికీ ఆ ఊరి చుట్టూ మామిడితోటలే. సమీపంలోని ఆగిరిపల్లి కొండ పేరు శోభనాచలం. అక్కడి నరసింహస్వామి ఆలయానికి నూజివీడు ప్రభువులు పోషకులు. మద్రాసులో నెలకొన్న స్టూడియోకు రాజా ఈ కొండ పేరే పెట్టుకున్నారు. చిన్నరసాలు అనగానే నూజివీడును తలచుకునే మనకు శోభనాచల అనగానే ఆగిరిపల్లి తోచకపోవడం ఆశ్చర్యమే. అయితే తప్పంతా మనది కాదు. నేనెరిగినంతలో ఆ సంస్థ చిత్రాలలో ఆ కొండా లేదు, ఆ తోటలూ లేవు. పేరు మాత్రమే ప్రయాణం చేసింది.

కృష్ణా జిల్లాకే చెందిన మరొక జమీందారుతో పోల్చినప్పుడు ఈ వైఖరి స్పష్టమవుతుంది. చల్లపల్లి రాజా అండతో సారథి సంస్థ నిర్మించిన 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) సమకాలీన గ్రామాన్ని తెరమీదికి తెచ్చాయి. జమీందారీ వ్యవస్థను ప్రశ్నించిన 'రైతుబిడ్డ' సాటి జమీందారుల ఆగ్రహానికి గురైంది. అదే కాలంలో చిత్రరంగంలో ఉన్న మీర్జాపురం రాజా ఆ మార్గాన్ని ఎంచుకోలేదు. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. 'మాలపిల్ల'కు సంభాషణలు రాసిన తాపీ ధర్మారావే ఒక దశాబ్దం తరువాత 'కీలుగుర్రం'కు రచయిత. 'రైతుబిడ్డ' రచనలో పాలుపంచుకున్న త్రిపురనేని గోపీచందే శోభనాచల వారి 'లక్ష్మమ్మ' (1950)కు దర్శకుడు. కలాలు అవే, కథలు మారాయి. హేతువాద వాతావరణంలో పెరిగిన గోపీచంద్ పేరంటాలు కథను తెరకెక్కించడంలోని వైరుధ్యం ప్రత్యేక పరిశోధనకు తగినది.

ఈ మార్పును కేవలం వ్యాపారదృష్టిగా కొట్టివేయడం తేలిక. 'కీలుగుర్రం' (1949) అందుకు అంగీకరించదు. విదర్భ రాజు వేటకు వెళ్లి, సుందరి రూపంలో ఉన్న రాక్షసిని మోహించి అంతఃపురానికి తెస్తాడు. ఆమె రాత్రివేళ గజశాలలోని ఏనుగులను, అశ్వశాలలోని గుర్రాలను తినివేసి, నేరం పట్టపురాణిపై మోపుతుంది. రాణి అడవిపాలవుతుంది, అక్కడ పుట్టిన కుమారుడు తిరిగి వచ్చి సత్యాన్ని నిలబెడతాడు. కథాచట్రం జానపదానిదే, కొత్తది కాదు. కాని మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో. ఆ మరుసటి సంవత్సరమే ఒక జమీందారు స్వయంగా దర్శకత్వం వహించిన చిత్రంలో రాచనగరు లోపలినుంచే తినివేయబడుతున్నది. ఇది ఉద్దేశపూర్వకమని వాదించను. అయినా ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసిన తరువాత ఖాళీ అవుతున్న ఆ అశ్వశాలను కేవలం వినోదంగా చూడడం నాకు సాధ్యం కాలేదు. పైగా అందులో నాయకుణ్ణి మోసేది బతికిన గుర్రం కాదు, కీలుతో ఎగిరే కొయ్యగుర్రం. భూమినుంచి వచ్చే బలం చెల్లిపోయినప్పుడు యంత్రమే వాహనమవుతుంది. సినిమా కూడా యంత్రమే కదా. ఆ కొయ్యగుర్రం తమిళంలోకి సైతం ఎగిరింది, 'మాయక్కుదిరై'గా అనువాదమైంది.

అదే సంవత్సరం వచ్చిన 'మనదేశం' ఈ అన్వయాన్ని చిక్కుపరుస్తుంది. శరత్‌చంద్రుని 'విప్రదాస్' ఆధారంగా ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో రూపొందిన ఈ చిత్రం స్వాతంత్ర్యోద్యమాన్ని సూటిగా చూపింది. అయితే దీని నిర్మాత రాజా కాదు, కృష్ణవేణి. కథానాయిక కూడా ఆమే. 'అనసూయ' (1936)లో బాలనటిగా అడుగుపెట్టిన ఆమె అప్పటికి పదమూడేళ్ల అనుభవం గల కళాకారిణి. శోభనాచల చరిత్రలో సమకాలీన దేశం ఇంత స్పష్టంగా కనిపించిన చిత్రం ఆమె పేరుమీద వెలువడింది. దీనిని రాజా ఖాతాలో జమ చేసే అలవాటు సరికాదు. ఎన్.టి.రామారావు పోలీసు అధికారిగా తొలిసారి కనిపించడమే ఈ చిత్రపు ఏకైక విశేషమన్నట్టు రాయడం మరింత అన్యాయం. ఆ పాత్ర నిడివి చిన్నది. దాని చుట్టూ పెరిగిన వ్యాఖ్యానం మాత్రం చిత్రాన్నే కప్పివేసింది.

కాబట్టి మీర్జాపురం రాజా సృజనయాత్రను ఒక్కరి యాత్రగా రాయడం కుదరదు. భర్త విదర్భ అంతఃపురంలో ఉన్న సంవత్సరంలోనే భార్య వీధిలో సాగే ఉద్యమాన్ని చిత్రిస్తున్నది. ఈ రెండు దృష్టుల మధ్య ఆ స్టూడియోలో చర్చ జరిగిందా, సర్దుబాటు జరిగిందా అన్నది చిత్రాలు చెప్పవు. రాజా 1951లో 'తిలోత్తమ'తో మళ్లీ జానపదానికే మరలారు. తరువాతి కాలంలో స్టూడియో చేతులు మారి వీనస్‌గా ప్రసిద్ధమైంది. శోభనాచలం ఆగిరిపల్లి కొండకే మిగిలింది.